నో డ్యూ రోజుల్లో కౌంటర్ ఎందుకు ఆగింది: ఒక కళాశాల గ్రంథాలయ డేటాబేస్ కేస్ స్టడీ

ఆ కళాశాల గ్రంథాలయం నుంచి నాకు వచ్చిన మొదటి కబురు, కొత్త సర్వర్‌కు కొటేషన్ పంపమని. ఆఖరి సంవత్సరం విద్యార్థులు, గ్రంథాలయానికి బాకీ ఏదీ లేదని చెప్పే నో డ్యూ సర్టిఫికెట్ కోసం వచ్చే రోజుల్లో కౌంటర్ మీది కంప్యూటర్లు నిలిచిపోతున్నాయని, ఒక్క పుస్తకం రిటర్న్ తీసుకోవడానికి నిమిషం పైగా పడుతోందని, కాబట్టి యంత్రం పాతబడిందని అక్కడివారు తేల్చుకున్నారు. కొటేషన్ పంపే ముందు రెండు రోజులు కౌంటర్ దగ్గర కూర్చుని పని చూస్తానని అడిగాను. లైబ్రేరియన్ గారు ఒప్పుకున్నారు. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చింది ఆ రెండు రోజులే.

గ్రంథాలయం నడిచేది కోహా మీద. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్ కోసం తయారై 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన ఈ ఉచిత గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను మన దేశంలో చాలా కళాశాలలు వాడుతున్నాయి. మావోరీ భాషలో కోహా అంటే కానుక. దాని కింద సమాచారమంతా మరియాడీబీ అనే డేటాబేస్‌లో ఉంటుంది. ఈ గ్రంథాలయంలో సుమారు 90 వేల ప్రతులు, పాత విద్యార్థులతో కలిపి 20 వేల మంది సభ్యులు, తిరిగి వచ్చిన పుస్తకాల పట్టికలో దాదాపు 9 లక్షల వరుసలు, ఇష్యూ, రిటర్న్, రెన్యువల్ అన్నీ నమోదయ్యే స్టాటిస్టిక్స్ పట్టికలో 22 లక్షల దాకా వరుసలు ఉన్నాయి. డేటాబేస్ లోకంలో ఇవి పెద్ద అంకెలు కావు. 8 జీబీ మెమరీ ఉన్న మామూలు యంత్రం కూడా ఈ భారాన్ని సునాయాసంగా మోయాలి. మోయలేకపోతోందంటే ఆ యంత్రం చేత చేయిస్తున్న పనిలోనే ఏదో తేడా ఉందని నా అనుమానం.

కౌంటర్ దగ్గర కనిపించినది

విద్యార్థి రోల్ నంబరు చెప్పగానే సహాయ లైబ్రేరియన్ మేడం గారు, సేవ్ చేసి ఉంచిన రిపోర్టుల్లోంచి నో డ్యూ జాబితాను తెరిచి రన్ నొక్కేవారు. ఆ రిపోర్టు మొత్తం కళాశాలకు సంబంధించినది. దాదాపు నిమిషం తర్వాత మొదటి పేజీ వచ్చేది. అందులో ఆ విద్యార్థి కనిపించడు కనుక మొత్తం ఫలితాన్ని స్ప్రెడ్‌షీట్‌గా దించుకుని, కంట్రోల్ ఎఫ్ నొక్కి, రోల్ నంబరు కొట్టి, ఆ ఒక్క వరుస చదివేవారు. తరువాతి విద్యార్థి రాగానే మళ్లీ మొదటి నుంచి ఇదే పని.

పొద్దున ఒకసారి దించుకున్న జాబితానే సాయంత్రం దాకా వాడుకోకూడదా అని అడిగాను. "పది నిమిషాల క్రితమే పక్క కౌంటర్‌లో పుస్తకం ఇచ్చేసి వస్తారు సార్. పొద్దుటి జాబితాలో ఇంకా వాళ్ల పేరు మీద బాకీ ఉన్నట్టే ఉంటుంది. ఆ పిల్లలను వెనక్కి పంపలేం కదా" అన్నారు. ఆమె మాట నూటికి నూరు పాళ్లూ న్యాయమైనది. ఒక్కో విద్యార్థి కోసం కళాశాల మొత్తాన్ని లెక్కపెట్టించడం ఆమె తప్పు కాదు, ఆమె చేతిలో ఉన్న పరికరం అదొక్కటే. రోల్ నంబరు అడిగి ఆ ఒక్కరి వివరమే చూపే రిపోర్టును రాయవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ సమయంలో నేను నా ల్యాప్‌టాప్‌లో సర్వర్‌లో నడుస్తున్న క్వెరీల (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నల) జాబితాను, అంటే షో ప్రాసెస్‌లిస్ట్ ఇచ్చే ఫలితాన్ని, కొన్ని సెకన్లకోసారి చూస్తూ ఉన్నాను. అదే నో డ్యూ క్వెరీ రెండుసార్లు కనిపించింది. వాటిలో పెద్దది మూడు నిమిషాలు దాటి నడుస్తోంది. కారణం వెంటనే అర్థమైంది. తెర మీద ఏమీ రాకపోయేసరికి మేడం గారు పేజీని రిఫ్రెష్ చేస్తున్నారు. బ్రౌజర్‌లో పేజీ పోయినంత మాత్రాన డేటాబేస్‌లో మొదలైన క్వెరీ ఆగదు, అడిగినవారు లేకపోయినా అది తన లెక్క తాను పూర్తిచేస్తూనే ఉంటుంది. పైగా కోహాలో ఒక రిపోర్టు నడిపితే, చూపవలసిన వరుసల కోసం ఒకసారి, మొత్తం ఎన్ని వరుసలో చెప్పడానికి ఇంకోసారి, ఫైలు దించుకోవడానికి మరోసారి అదే క్వెరీ నడుస్తుంది. అంటే ఒక్క విద్యార్థి కోసం నిమిషం పట్టే లెక్కను సర్వర్ మూడుసార్లు, రిఫ్రెష్ నొక్కితే అంతకన్నా ఎక్కువసార్లు చేస్తోంది.

సరే, రిపోర్టు నిదానం. మరి పక్క కౌంటర్‌లో రిటర్న్ ఎందుకు ఆగాలి? బార్‌కోడ్ స్కాన్ చేసి ఒక పుస్తకాన్ని రిటర్న్ చేసుకోవడం చాలా చిన్న పని. దీనికి జవాబు డేటాబేస్‌లో కాక దాని పైనున్న ప్లాక్ అనే అంచెలో దొరికింది. సిబ్బంది తెరల నుంచి వచ్చే ప్రతి అభ్యర్థననూ ప్లాక్ కింద ఉండే కొందరు వర్కర్లు అందుకుంటారు. కోహా అమర్చినప్పుడు వారి సంఖ్య రెండు, ఇక్కడా దానిని ఎవరూ మార్చలేదు. ఇద్దరు వర్కర్లూ రెండు నో డ్యూ రిపోర్టుల్లో చిక్కుకుంటే, పుస్తకం రిటర్న్ తీసుకోమన్న చిన్న అభ్యర్థన వారి వెనక నిలబడవలసిందే. రెండే కిటికీలున్న తపాలా కార్యాలయంలో ఇద్దరు గుమస్తాలూ వందేసి పార్శిళ్లు రాస్తుంటే, ఒక్క స్టాంపు కొనుక్కోవడానికి వచ్చిన మనిషి పరిస్థితి అది. వర్కర్లను నాలుగుకు పెంచాను. అది ఆ పూటకు ఉపశమనమే, రిపోర్టు మారనిదే నలుగురూ చిక్కుకుంటారు.

రిపోర్టులో ఉన్న తప్పు

ఆ రిపోర్టును ఎప్పుడో, సాఫ్ట్‌వేర్ అమర్చిన రోజుల్లో, ఎవరో రాసిపెట్టారు. తరువాత అవసరాన్ని బట్టి ఒక్కో కాలమ్ చేరుస్తూ పోయారు. సభ్యుల పట్టికకు మూడు పట్టికలు జోడించి ఉన్నాయి: ప్రస్తుతం చేతిలో ఉన్న పుస్తకాలు, జరిమానా పద్దులు, చివరిసారి ఎప్పుడు పుస్తకం ఇచ్చారో చూపడానికి పాత ఇష్యూలు. ఒక సభ్యుడికి ఈ మూడింటిలోనూ అనేక వరుసలుంటాయి. ఒకదాని వరుసలకు ఇంకొకదానితో సంబంధం లేదు కనుక, మూడింటినీ ఒకేసారి జోడిస్తే అవి ఒకదానితో ఒకటి హెచ్చవేసుకుంటాయి.

ఒక విద్యార్థి లెక్కను మేడం గారి ముందు కాగితం మీద వేసి చూపాను. చేతిలో 3 పుస్తకాలు, కట్టవలసిన జరిమానాలు 20, 20, 25 రూపాయల చొప్పున 3, పాత ఇష్యూలు 40. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది నలభైలు 360. ఒక్క విద్యార్థికి 360 వరుసలు తయారవుతాయి. ప్రతి జరిమానా 120 సార్లు కనిపిస్తుంది. అసలు బాకీ 65 రూపాయలైతే మామూలు కూడిక 7,800 అని చెబుతుంది. ఈ అసంబద్ధత ఎవరి కంటనో పడినట్టుంది, కూడికలో డిస్టింక్ట్ అన్న మాట చేర్చారు. అప్పుడు ఒకే మొత్తం ఎన్నిసార్లు వచ్చినా ఒకసారే లెక్కకు వస్తుంది. అంకె సహజంగా కనిపించసాగింది. కానీ రెండు 20 రూపాయల జరిమానాలు కూడా ఒక్కటే అయిపోయాయి కనుక రిపోర్టు చూపేది 45. ఆ విద్యార్థి 45 రూపాయలు కట్టి సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోతాడు, ఖాతాలో 20 రూపాయలు బాకీగా మిగిలిపోతాయి.

మేడం గారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఆడిట్‌లో ఏటా జరిమానా పద్దులు సరిపోకపోవడానికి తన చేతి పొరపాటేనేమోనని ఇన్నాళ్లూ అనుకున్నానని చెప్పారు. నెమ్మదిగా నడిచే రిపోర్టు విసుగు తెప్పిస్తుందేమో కానీ, తప్పు చెప్పే రిపోర్టు నిజాయితీపరుల మీద నింద మోపుతుంది. ఇక్కడ రెండింటికీ మూలం ఒక్కటే. సభ్యులందరి మీదా ఈ హెచ్చవేత జరిగితే మధ్యలో లక్షల వరుసలు పుట్టుకొస్తాయి, వాటిని గుదిగుచ్చడానికి డేటాబేస్ డిస్క్ మీద తాత్కాలిక పట్టిక కట్టుకోవలసి వస్తుంది. క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ నడిపితే చివరి కాలమ్‌లో తాత్కాలిక పట్టిక, ఫైల్‌సార్ట్ (వరుసలను విడిగా క్రమంలో పేర్చడం) అన్న రెండు సూచనలూ కనిపించాయి.

కొత్తగా రెండు రిపోర్టులు రాశాను. మొదటిది కౌంటర్ కోసం. నడపగానే రోల్ నంబరు అడుగుతుంది, ఆ ఒక్క సభ్యుడి కార్డు నంబరును ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ విడిగా పెట్టుకునే సూచిక) ద్వారా పట్టుకుని, అతని పేరు మీదున్న పుస్తకాలను ఒక చిన్న ఉపక్వెరీతో, బాకీని మరో ఉపక్వెరీతో విడివిడిగా లెక్కించి చూపుతుంది. చివరిసారి ఎప్పుడు పుస్తకం ఇచ్చారన్న కాలమ్‌ను తీసేశాను. దానిని ఎవరు వాడుతున్నారని అడిగితే ఎవరూ ముందుకు రాలేదు. రెండోది కార్యాలయం కోసం, ఒక బ్యాచ్ మొత్తానికి. అందులో పుస్తకాలను సభ్యుడివారీగా ముందే కుదించి, జరిమానాలను కూడా అలాగే ముందే కుదించి, ఆ రెండు చిన్న ఫలితాలనే సభ్యుల పట్టికకు జోడించాను. ఇలా చేస్తే హెచ్చవేతకు చోటే ఉండదు. కొత్త ఇండెక్స్ ఒక్కటీ వేయలేదు. కౌంటర్ రిపోర్టు ఎంటర్ నొక్కగానే వస్తోంది, బ్యాచ్ రిపోర్టుకు రెండు సెకన్లు పడుతోంది.

యాక్సెషన్ నంబరు కథ

రెండో రోజు చూసినది ఇంకా ఆసక్తికరమైనది. పాత పుస్తకాల మీద బార్‌కోడ్ స్టిక్కర్ ఊడిపోతే, లోపలి పేజీలో సిరాతో రాసిన యాక్సెషన్ నంబరే, అంటే గ్రంథాలయంలో చేరినప్పుడు పుస్తకానికి ఇచ్చిన వరుస సంఖ్యే, ఆధారం. దానితో పుస్తకాన్ని వెతకడానికి ఒక రిపోర్టు ఉంది. 4521 అని ఇస్తే ఎనిమిది సెకన్ల తర్వాత 4521తో పాటు 14521, 24521, 84521 కూడా వచ్చాయి. సిబ్బంది పుస్తకం పేరు చూసి సరైనదాన్ని ఎంచుకుంటున్నారు.

క్వెరీ విప్పి చూస్తే బార్‌కోడ్ కాలమ్ మీద లైక్ వాడి, అంకెకు ముందు శాతం గుర్తు పెట్టి ఉంది. అంటే ఈ అంకెతో ముగిసే ప్రతిదీ కావాలని అడగడం. బార్‌కోడ్ మీద ఇండెక్స్ ఉన్నా ఇలాంటి ప్రశ్నకు అది పనికిరాదు. దీనిని గ్రంథాలయ సిబ్బందికి వివరించడం చాలా తేలిక, ఎందుకంటే కార్డు కేటలాగు సొరుగులు వాళ్ల చేతుల్లో అరిగినవే. రచయిత పేరు మొదటి అక్షరం తెలిస్తే ఏ సొరుగు లాగాలో తెలుస్తుంది. చివరి అక్షరం మాత్రమే తెలిస్తే అన్ని సొరుగులూ, అన్ని కార్డులూ తిప్పవలసిందే. డేటాబేస్ ఇండెక్స్ కూడా ఎడమ నుంచి పేర్చిన కార్డులే.

అయితే రాసినవారు ఆ శాతం గుర్తును తెలియక పెట్టలేదు. రిజిస్టర్లు తెరిపించి చూశాను. ఈ కళాశాలలో మూడు యాక్సెషన్ వరుసలు నడిచాయి: సాధారణ పుస్తకాలకు ఒకటి, ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల బుక్ బ్యాంక్‌కు ఒకటి, విరాళంగా వచ్చినవాటికి ఒకటి. మూడూ ఒకటితోనే మొదలయ్యాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించిన కాలాన్ని బట్టి ఒకచోట 4521, ఒకచోట 004521, ఒకచోట ముందు అక్షరాలు చేర్చి నమోదు చేశారు. అంతకు ముందున్న రిపోర్టు మరో ఉపాయం పన్నింది, అంకెను కొటేషన్ గుర్తులు లేకుండా ఇచ్చింది. అప్పుడు డేటాబేస్ ప్రతి బార్‌కోడ్‌నూ సంఖ్యగా మార్చి పోలుస్తుంది కనుక ముందున్న సున్నాలు రాలిపోయి 004521 కూడా దొరుకుతుంది. కానీ ప్రతిదాన్నీ మార్చి చూడాలి కనుక అక్కడా ఇండెక్స్ వృథా, అక్షరంతో మొదలయ్యే బార్‌కోడ్ సున్నాగా మారిపోతుంది కనుక బుక్ బ్యాంక్ పుస్తకాలు అసలు దొరకవు. అవి దొరకడం లేదని వచ్చిన ఫిర్యాదుకు విరుగుడే ఆ శాతం గుర్తు.

దీనికి మందు క్వెరీలో లేదు. పుస్తకాల మీద అతికించి ఉన్న బార్‌కోడ్‌లను మార్చడం కుదరదు. కోహా ప్రతుల పట్టికలో స్టాక్ నంబర్ అని మరో కాలమ్ ఉంది, దానికి ఇండెక్స్ కూడా సిద్ధంగా ఉంది, ఈ గ్రంథాలయంలో అది ఖాళీగా ఉంది. ఏ వరుసకు చెందినదో చెప్పే ఒక అక్షరం, దాని వెనక ఆరంకెల సంఖ్య అన్న ఒకే పద్ధతిలో ప్రతి పుస్తకం యాక్సెషన్ నంబరునూ ఆ కాలమ్‌లో నింపాము. ముందు డేటాబేస్ నకలు మీద, సభ్యుల పేర్లూ ఫోన్ నంబర్లూ చెరిపేసి, ప్రయత్నించి చూశాకే అసలుదాని మీద చేశాము. ఇప్పుడు రిపోర్టు మొదట వరుసను ఎంచుకోమంటుంది, తరువాత అంకె అడుగుతుంది, వెంటనే ఒకే ఒక్క పుస్తకాన్ని చూపుతుంది.

మిగిలిన రిపోర్టులు

ఆలస్యంగా నడిచే క్వెరీలను నమోదు చేసే స్లో క్వెరీ లాగ్‌ను తెరిచిపెట్టి వారం రోజులు వదిలాను. ఎంత సమయం దాటితే నమోదు చేయాలన్నది మామూలుగా 10 సెకన్లుంటుంది, దానిని 2 సెకన్లకు తగ్గించాను. వచ్చిన జాబితాలో ఎక్కువ భాగం ఒకే కుటుంబానికి చెందినవి: నెలవారీ ఇష్యూల లెక్క, కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ వారికి ఇవ్వవలసిన ఐదేళ్ల వినియోగం లెక్క. అన్నిటిలోనూ తేదీ కాలమ్‌ను ఇయర్, మంత్ అనే ఫంక్షన్లలో చుట్టి పోల్చారు. కాలమ్‌ను ఫంక్షన్‌లో చుడితే తేదీ ఇండెక్స్ ఉపయోగపడదు. మరియాడీబీ 11.1 నుంచి ఇయర్, డేట్ ఫంక్షన్ల విషయంలో ఈ ఇబ్బంది తీరింది కానీ ఇక్కడున్నది అంతకన్నా పాతది. మార్చి 1 నుంచి ఏప్రిల్ 1 లోపు అని హద్దులతో రాశాను. బిట్వీన్ అని మార్చి 1, మార్చి 31 ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. సమయం కూడా ఉన్న కాలమ్‌లో మార్చి 31 అంటే ఆ రోజు తెల్లవారని అర్ధరాత్రి, ఆ రోజు జరిగిన ఇష్యూలన్నీ లెక్కలోంచి జారిపోతాయి.

తిరగరాసినా ఐదేళ్ల లెక్క ఇంకా నిదానంగానే ఉంది. ఇష్యూలు మాత్రమే కావాలన్న షరతు చూసి డేటాబేస్, ఒక నమోదు ఇష్యూనా రిటర్నా అని చెప్పే రకం అనే కాలమ్ మీదున్న ఇండెక్స్‌ను ఎంచుకుంటోంది, దానితో పదేళ్ల ఇష్యూలన్నీ చదువుతోంది. అందుకే రకం ముందు, తేదీ తరువాత ఉండేలా రెండు కాలమ్‌లకు కలిపి ఒక ఇండెక్స్ వేశాను. సమానమని అడిగేది ముందు, హద్దులతో అడిగేది తరువాత. ఈ మొత్తం పనిలో నేను వేసిన ఇండెక్స్ ఇదొక్కటే. దాని పేరు మొదట్లో కళాశాల గుర్తు పెట్టి, కోహా అప్‌గ్రేడ్ చేసే ప్రతిసారీ ముందుగా చూడవలసిన కాగితంలో రాయించాను. ప్రతి ఇష్యూకూ, ప్రతి రిటర్న్‌కూ స్టాటిస్టిక్స్ పట్టికలో వరుస పడుతుంది, ఇండెక్స్‌లు పెరిగేకొద్దీ ఆ రాత భారమవుతుంది. అడిగిన ప్రతి రిపోర్టుకూ ఒక ఇండెక్స్ వేసుకుంటూ పోవడం నాకు సమ్మతం కాదు.

యాక్సెషన్ రిజిస్టర్ ముద్రించే రిపోర్టు ప్రచురణకర్త పేరు కోసం ఒక్కో పుస్తకానికి మార్క్ రికార్డు (పుస్తక వివరాలన్నీ ఉండే కేటలాగు రికార్డు) ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను ఎక్స్‌ట్రాక్ట్‌వాల్యూ తో విప్పి చదువుతోంది. అదే పేరు బిబ్లియోఐటమ్స్ పట్టికలో విడిగా ఉంది. అక్కడి నుంచి తీసుకున్నాము, పని ముగిసింది.

ఏనాడూ ఇష్యూ కాని పుస్తకాల జాబితా మాత్రం వేరే పాఠం. స్టాక్ వెరిఫికేషన్‌కు అది కావాలి, కానీ అది నిమిషాల తరబడి నడిచి చివరికి ఖాళీగా వస్తోంది. పాత ఇష్యూల్లో లేని ప్రతులు అని నాట్ ఇన్ తో రాశారు. పట్టిక నుంచి ఒక ప్రతిని తొలగిస్తే, దాని పాత ఇష్యూల్లో ఆ ప్రతిని గుర్తించే సంఖ్య శూన్యంగా, అంటే సున్నా కాక విలువే లేనిదిగా, మారుతుంది. నాట్ ఇన్ జాబితాలో ఒక్క శూన్యం ఉన్నా ఏ ప్రతీ అందులో లేదని డేటాబేస్ రూఢిగా చెప్పలేదు, అందుకే ఒక్క వరుసా రాదు. కోహా ప్రతి పుస్తకానికీ చివరి ఇష్యూ తేదీని ప్రతుల పట్టికలోనే దాచి ఉంచుతుంది. ముందుగా దానిని చూసి, అది ఖాళీగా ఉన్నవాటికి మాత్రం నాట్ ఎగ్జిస్ట్స్ తో పాత ఇష్యూలను సరిచూసే పద్ధతి పెట్టాను.

సర్వర్ విషయానికొస్తే, కొత్తది కొనలేదు. డేటాబేస్ తన సమాచారాన్ని మెమరీలో ఉంచుకునే ఇన్నోడీబీ బఫర్ పూల్ పుట్టుకతో వచ్చిన 128 ఎంబీ దగ్గరే ఉంది, 8 జీబీ యంత్రంలో. అదే యంత్రంలో కోహాకు కావలసిన జీబ్రా (వెతుకులాటకు), అపాచీ (వెబ్ సర్వర్), ప్లాక్ కూడా నడుస్తాయి కనుక డేటాబేస్‌కు 3 జీబీ ఇచ్చాను. క్వెరీకి గరిష్ఠ కాలపరిమితి పెట్టే వీలు ఉన్నా పెట్టలేదు. రిపోర్టులకూ రాత్రి పూట నడిచే పనులకూ డేటాబేస్ యూజర్ ఒక్కరే కావడంతో, ఆ కత్తెర అక్కరలేని చోట కూడా పడుతుందని నా భయం.

తరువాతి సంవత్సరం నో డ్యూ వారంలో నేను అక్కడికి వెళ్లాను. క్యూ ఉంది, కానీ కదులుతోంది. మేడం గారు రోల్ నంబరు కొట్టి, తెర మీది బాకీని విద్యార్థికే తిప్పి చూపిస్తున్నారు. విరాళపు పుస్తకాల్లో కొన్నింటికి మాత్రం స్టాక్ నంబరు ఇంకా లేదు, ఎందుకంటే వాటి పాత రిజిస్టర్ మొదటి పేజీలు చెద తినేశాయి. వెరిఫికేషన్ జరిగినప్పుడు ఒక్కో బీరువా చొప్పున, లోపలి పేజీలో సిరా రాత చదివి, రికార్డ్ అసిస్టెంట్ ఆ సంఖ్యలను ఎక్కిస్తున్నారు.